ఒక చెవితో వింటే ఊగకూడదు

ప్రశ్న: అన్నయ్య గారూ, నమస్తే. మాది గుంటూరు, బ్రాడీపేట. డిగ్రీ అయిపోయింది, ఇంట్లోనే కూర్చుని బ్యాంకు పరీక్షలకి చదువుతున్నాను. బైనారల్ బీట్స్ వింటే ఏకాగ్రత పెరుగుతుందని ఫ్రెండ్స్ చెప్తే ఒక యాప్ వేసుకున్నాను. వారం తిరిగేసరికి డబ్బులు కట్టమంది. ఆ మాత్రం మనమే చేసుకోలేమా అని మా పాత కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వేసి, 200 హెర్ట్జ్ ఒకటి, 210 హెర్ట్జ్ ఒకటి రెండు టోన్లు పెట్టాను. స్పీకర్లలో ప్లే చేసి ఫోన్‌తో రికార్డు చేశాను. ఇయర్‌ఫోన్స్‌లో వింటే డుర్రుమని ఊగుతోంది. కానీ ఒక ఇయర్‌ఫోన్ తీసేసినా అలాగే ఊగుతోంది. అలా ఊగకూడదని ఎక్కడో చదివాను. వెనకాల వాన చప్పుడు కలుపుదామని డాబా మీద రికార్డు చేస్తే వాన కంటే గుయ్యిమనే శబ్దమే ఎక్కువ వచ్చింది. ఎక్కడ తప్పు చేస్తున్నాను? అసలు దీనివల్ల చదువుకి ఉపయోగం ఉంటుందా? అమ్మ రోజూ "ఏంట్రా ఈ రొద, మిక్సీ పాడైనట్టు" అంటోంది.

జవాబు: తమ్ముడూ, ఒక ఇయర్‌ఫోన్ తీసి చూశావు చూడు, సగం పని అక్కడే అయిపోయింది. ఇలాంటి ఫైళ్ళు నెలల తరబడి వింటూ ఆ ఒక్క పని చేయనివాళ్ళు నాకు తెలుసు. నువ్వు తయారుచేసింది బీట్సే, కాదనను. బైనారల్ మాత్రం కాదు.

ఇంటర్ ఫిజిక్స్‌లో విస్పందనాలు, అంటే ఈ బీట్సే, చదువుకుని ఉంటావు. రెండు శృతిదండాలు, ఒకదానికి కాస్త మైనం అంటించడం, సెకనుకి ఎన్ని విస్పందనాలు అని రెండు మార్కుల లెక్క. పౌనఃపున్యాల (ఫ్రీక్వెన్సీల) తేడా ఎంతో విస్పందనాలు అన్ని. 200కీ 210కీ తేడా 10 కాబట్టి సెకనుకి పది. అప్పుడు లెక్క చేసి వదిలేశాం గానీ, ఆ శబ్దాన్ని చెవులారా వినాలంటే తంబుర శృతి చేసేవాళ్ళ పక్కన కూర్చోవాలి. విజయవాడ సత్యనారాయణపురంలో మా పక్కింట్లో సంగీతం టీచరు గారున్నారు. పొద్దున్నే తంబుర తీసి, ఒకే స్వరానికి కట్టే రెండు సారణి తీగలూ మీటుతారు. మొదట వూఁవూఁవూఁ అని గబగబా ఊగుతుంది. బిరడా ఒక్క పిసరు తిప్పితే వూఁ... వూఁ... అని నెమ్మదిస్తుంది. తీగకున్న పూస ఇంకాస్త జరిపితే ఆ ఊపు సాగి సాగి ఒకచోట ఆగిపోతుంది. రెండు తీగలూ ఒక్కటైపోయాయన్నమాట. తేడా తగ్గేకొద్దీ ఊపు నెమ్మదించడం ఇంతకంటే బాగా ఏ పుస్తకంలోనూ కనపడదు.

ఆ ఊపు గాలిలోనే పుడుతుంది. రెండు తీగల శబ్దం గదిలో కలిసి, ఒకసారి ఒకదానికొకటి తోడై పెరుగుతుంది, ఒకసారి ఒకదాన్నొకటి కొట్టేసుకుని తగ్గుతుంది. నీ విషయంలో జరిగింది కూడా అదే. రెండు టోన్లూ స్పీకర్ల నుంచి వచ్చి గదిలో కలిసిపోయాయి. ఫోన్ మైకు ఆ కలగలుపునే పట్టుకుంది. ఇక ఏ చెవిలో పెట్టుకున్నా వచ్చేది అదే ఊపు. ఒకసారి కలిసిపోయాక ఆ రెండు టోన్లనీ మళ్ళీ ఎడమకొకటి కుడికొకటిగా విడదీయాలంటే పాలూ నీళ్ళూ వేరు చేసే హంసే రావాలి. కాబట్టి ఆ రికార్డింగ్ పక్కన పెట్టెయ్. పారేయకు, దానితో తర్వాత చిన్న పనుంది.

బైనారల్ అంటే గాలిలో ఎక్కడా కలవకూడదు. ఎడమ చెవికి 200 మాత్రమే వెళ్ళాలి, కుడి చెవికి 210 మాత్రమే వెళ్ళాలి. విడివిడిగా వింటే రెండూ గీత గీసినట్టు నిలకడగా ఉంటాయి. రెండూ ఒకేసారి వింటే మాత్రం తల మధ్యలో ఎక్కడో ఊపు వినపడుతుంది. ఆ ఊపు బయట లేదు, నీ మెదడే తయారుచేస్తోంది. దీన్ని 1839లో ప్రష్యా భౌతిక శాస్త్రవేత్త హైన్రిష్ విల్‌హెల్మ్ డోవే గమనించాడు. ఇయర్‌ఫోన్ అనే వస్తువు పుట్టకముందే! ఆ తర్వాత చాలాకాలం దీన్నొక వింతగానే చూశారు. 1973లో గెరాల్డ్ ఓస్టర్ సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో రాసిన వ్యాసంతో మళ్ళీ అందరి దృష్టీ దీనిమీద పడింది.

మెదడుకి ఈ పని ఎందుకు చేతనైంది అంటే, అది ఇయర్‌ఫోన్ల కోసం నేర్చుకున్నది కాదు. అరండల్‌పేటలో రోడ్డు దాటుతుంటే వెనక నుంచి వచ్చే ఆటో ఏ పక్కనుందో తల తిప్పకుండానే తెలుస్తుంది కదా. పక్క నుంచి వచ్చే శబ్దం ఒక చెవి కంటే రెండో చెవికి సెకనులో వెయ్యోవంతు కంటే తక్కువ, సుమారు 0.6 మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. ఆ కాస్త ఆలస్యాన్నీ పోల్చి చూసే నరాల కణాలు మెదడు అడుగున, వెన్నుపాము కలిసే చోటికి దగ్గరలో ఉన్నాయి. అవి రెండు చెవుల అలల్నీ పక్కపక్కన పెట్టి ఏది ముందు, ఏది వెనక అని చూస్తాయి. 200, 210 ఇస్తే ఒకసారి ఎడమ ముందుంటుంది, ఒకసారి కుడి ముందుంటుంది, సెకనుకి పదిసార్లు అటూ ఇటూ అవుతుంది. అదే నీకు ఊపులా తోస్తుంది. తేడా మరీ తక్కువ, ఒకటి రెండు హెర్ట్జ్ పెట్టి చూడు, ఊపు కాదు, శబ్దమే తలలో ఈ చెవి నుంచి ఆ చెవికి తిరుగుతున్నట్టుంటుంది. నాకు అన్నిటికంటే సరదాగా అనిపించేది అదే.

ఈ పోల్చే పని స్వరం కాస్త కింద ఉన్నప్పుడే సాగుతుంది. స్వరం పైకెళ్ళేకొద్దీ అలలు మరీ దగ్గరదగ్గరగా వచ్చి నరాలు వాటి వెంట పరిగెత్తలేవు. 440 ప్రాంతంలో ఊపు బాగా స్పష్టంగా ఉంటుందనీ, 1000 దాటాక మాయమవుతుందనీ ఓస్టర్ రాశాడు. అయితే 440ని అరగంట వింటే చెవిలో జోరీగ దూరినట్టుంటుంది. నువ్వు తీసుకున్న 200 బాగానే ఉంది, మార్చకు. తేడా కూడా 30 లోపు ఉండాలి. అది దాటితే ఊపు పోయి రెండు వేర్వేరు స్వరాలుగా వినపడతాయి. ఇక ఫలానా అంకెలో మహత్తు ఉందని చెప్పే వీడియోలు వస్తుంటాయి, 432 అని, 528 అని. అంకెలో ఏమీ లేదు తమ్ముడూ, తేడాలోనే ఉంది.

ఇప్పుడు ఆడాసిటీ తెరువు. ఈ పనికి మైకు అక్కర్లేదు, రికార్డు బటన్ జోలికే వెళ్ళొద్దు. టోన్ కంప్యూటర్ లోపలే పుట్టి, లోపలే ఫైల్ అవుతుంది. మధ్యలో గాలి తగలకపోవడమే మనకి కావలసింది.

జనరేట్ మెనూలో టోన్ ఉంటుంది. వేవ్‌ఫారం సైన్, ఫ్రీక్వెన్సీ 200 పెట్టు. యాంప్లిట్యూడ్ దగ్గర మామూలుగా 0.8 ఉంటుంది, దాన్ని 0.25 చెయ్యి. తర్వాత వాన కలిపినప్పుడు పగలకుండా ఉండాలంటే ఇప్పుడే జాగా వదలాలి. వ్యవధి 30 నిమిషాలు. ఓకే కొడితే మొదటి ట్రాక్ వస్తుంది. ఇక్కడే కొత్తవాళ్ళు బోల్తా పడతారు. ఆ ట్రాక్ ఇంకా సెలెక్ట్ అయ్యే ఉంటుంది. అలాగే వదిలేసి రెండో టోన్ చేస్తే కొత్త ట్రాక్ రాదు, మొదటి టోన్‌నే చెరిపేసి దాని జాగాలో కూర్చుంటుంది. అందుకని ముందు కింద ఖాళీ జాగాలో ఒకసారి క్లిక్ చెయ్యి. తర్వాత మళ్ళీ జనరేట్, టోన్, ఈసారి 210. ఇప్పుడు రెండు ట్రాకులు ఒకదాని కింద ఒకటి కనపడాలి.

ప్రతి ట్రాక్‌కీ ఎడమ పక్క చిన్న పెట్టెలో రెండు జారుడు మీటలుంటాయి. పైది సౌండ్ పెంచేది, కింద ఎల్, ఆర్ అని రాసి ఉన్నది పాన్. 200 ట్రాక్‌ది పూర్తిగా ఎల్ వైపుకి, 210 ట్రాక్‌ది పూర్తిగా ఆర్ వైపుకి లాగు. పూర్తిగా అంటే నూటికి నూరు. తొంభై దగ్గర ఆగితే కుడి టోన్ కాస్త ఎడమలోకి కారుతుంది, అప్పుడు ఒక చెవిలో కూడా సన్నగా ఊపు మొదలవుతుంది. మీట మీద డబుల్ క్లిక్ చేస్తే అంకె వేసుకునే చోటు వస్తుంది, చెయ్యి మీద నమ్మకం లేకపోతే అంకే వెయ్యి. మొదలు చివర పది పది సెకన్లు సెలెక్ట్ చేసి ఫేడ్ ఇన్, ఫేడ్ అవుట్ ఇస్తే టిక్కుమనే శబ్దం ఉండదు.

ఊపు మధ్యలో మారాలనుకుంటే, అంటే మొదట్లో 14 ఉండి నెమ్మదిగా 8కి దిగాలనుకుంటే, కుడి ట్రాక్‌ని టోన్‌తో కాక అదే మెనూలో ఉన్న చిర్ప్‌తో చెయ్యి. మొదలు 214, చివర 208, లీనియర్, యాంప్లిట్యూడ్ రెండు చోట్లా 0.25. ఎడమది 200 దగ్గరే నిలకడగా ఉంటుంది. యాప్‌లు సెషన్ అని పేరు పెట్టి అమ్మేవాటిలో చాలావరకు ఉండేది ఇంతే.

ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఛానెల్స్ దగ్గర స్టీరియో ఉందో లేదో చూసుకో. మోనో (రెండు వైపులవీ ఒకటిగా కలిపేసేది) అని ఉంటే పడిన కష్టమంతా ఆ ఒక్క క్లిక్‌తో గంగలో కలుస్తుంది. వేవ్ ఫైల్‌గా తీస్తే 30 నిమిషాలకి 317 ఎంబీ దాకా అవుతుంది. ఎంపీత్రీ 192లో తీస్తే 43 ఎంబీ. ముందు వేవ్ తీసి దాచుకో, ఫోన్‌లోకి ఎంపీత్రీ వేసుకో.

పక్కన పెట్టమన్న ఫోన్ రికార్డింగ్‌తో ఇప్పుడు పనిబడింది. దాన్ని, ఈ కొత్త ఫైల్‌ని రెండిటినీ ఆడాసిటీలోకి లాగి ఒక సెకను తెర నిండా కనపడేలా జూమ్ చెయ్యి. ఫోన్ రికార్డింగ్‌లో అల ఉబ్బుతూ సన్నబడుతూ పూసల దండలా కనపడుతుంది. సెకనులో పూసలు లెక్కపెట్టు, పది ఉంటాయి. ఊపు ఫైల్‌లోనే అచ్చయిపోయిందని దాని అర్థం. కొత్త ఫైల్‌లో పైన ఒక పట్టీ, కింద ఒక పట్టీ, రెండూ గోడకి కొట్టిన సున్నంలా ఒకే ఎత్తులో సాఫీగా ఉంటాయి. పూసలు ఎక్కడా కనపడవు. ఇక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విను. ఊగుతుంది. ఒకటి తీసెయ్, ఊపు టక్కున ఆగాలి. పెట్టు, మళ్ళీ రావాలి.

ఫైల్ సరిగ్గా ఉండి కూడా ఊపు ఆగకపోతే దారిలో ఎక్కడో కలిసిపోతున్నాయన్నమాట. ఈ దారి వెతకడంలో నేనొక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. మా నాన్నకి కుడి చెవి వినపడదు. పాటల్లో కొన్ని వాయిద్యాలు కుడి వైపే వస్తాయి కదా, అవి ఆయనకి అందడం లేదని ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్ళి మోనో ఆడియో ఆన్ చేశాను. రెండు వైపులవీ కలిసి రెండు చెవులకీ ఒకేలా వస్తాయి, ఎడమ చెవి ఒక్కటి చాలు. ఆయన హాయిగా విన్నారు. ఏడాది తర్వాత ఆయనకి కొత్త ఫోన్ కొని, పాతది నా రికార్డింగ్ గదిలో టెస్టింగ్‌కి పెట్టుకున్నాను. ఆ రోజుల్లోనే యోగా నేర్పే ఒకాయన అడిగితే 40 నిమిషాల బైనారల్ ఫైల్ చేశాను. ఆ ఫోన్‌లో వింటే ఒంటి చెవిలో కూడా ఊగుతోంది. ఆడాసిటీని అనుమానించాను, కేబుల్‌ని అనుమానించాను, రెండు జతల ఇయర్‌ఫోన్స్ మార్చాను, ఫైల్ మూడుసార్లు మొదట్నుంచి చేశాను. రాత్రి పదింటికి మా నాన్న వచ్చి "నా ఫోన్‌తో ఏం కుస్తీ పడుతున్నావురా" అన్నప్పుడు వెలిగింది. ఆ మీట నేను పెట్టిందే!

కాబట్టి నీ ఫోన్‌లో ఆ మోనో ఆడియో ఆఫ్‌లో ఉందో లేదో ముందు చూడు. కంప్యూటర్‌లో అయితే సౌండ్ సెట్టింగ్స్‌లో ఎన్‌హాన్స్‌మెంట్స్ అనీ, స్పేషియల్ సౌండ్ అనీ ఉంటాయి, సినిమా హాల్లో ఉన్నట్టు వినిపించడానికి ఎడమని కుడిలోకి కాస్త కలుపుతుంటాయి. రెండూ ఆపెయ్. బ్లూటూత్ హెడ్‌సెట్‌తో ఇంకో తిప్పలుంది. ఆడాసిటీలో రికార్డింగ్ పరికరంగా ఆ హెడ్‌సెట్ మైకే పెట్టి ఉంటే కంప్యూటర్ దాన్ని ఫోన్ కాల్ మోడ్‌లోకి మార్చేస్తుంది, అప్పుడు సౌండ్ మోనోలోకి పడిపోతుంది. వైరున్న మామూలు ఇయర్‌ఫోన్స్ తెచ్చుకుంటే ఈ గొడవే లేదు. స్నేహితులకి పంపేటప్పుడు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పెట్టకు, డాక్యుమెంట్‌గా పంపు.

ఇక చదువు సంగతి. నువ్వు డబ్బూ టైమూ పెట్టి చేస్తున్నావు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను. దీన్ని అమ్మేవాళ్ళు చెప్పే సిద్ధాంతం ఇది: మెదడులో విద్యుత్ అలలుంటాయి, నెమ్మదిగా ఉన్నప్పుడు 8 నుంచి 13 హెర్ట్జ్ ఆల్ఫా, పనిలో మునిగినప్పుడు 13 నుంచి 30 బీటా. కాబట్టి చెవిలో 10 పెడితే మెదడు 10కి, 15 పెడితే 15కి వచ్చేస్తుంది. వినడానికి బాగానే ఉంది. మెదడు నిజంగా అలా తాళం కలుపుతుందా అని చూసిన 14 అధ్యయనాల్ని కలిపి 2023లో ప్లోస్ వన్ పత్రికలో ఒక సమీక్ష వచ్చింది. వాటిలో అయిదు అవునన్నాయి, ఎనిమిది కాదన్నాయి, ఒకటి అటూ ఇటూ కాకుండా ఉంది. అంటే తేలలేదు.

నీకు ఇంకా దగ్గరగా తగిలేది వేరే ఉంది. అదే ఏడాది సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో వెయ్యి మందితో చేసిన ప్రయోగం ఒకటి అచ్చయింది. ల్యాబ్‌లో కాదు, నీలాగే ఎవరింట్లో వాళ్ళు విన్నారు. తర్కంతో తేల్చే పరీక్ష పెడితే బైనారల్ బీట్స్ విన్నవాళ్ళ స్కోర్లు పెరగలేదు సరికదా, తగ్గాయి. నువ్వు రాసే బ్యాంకు పరీక్షలో రీజనింగ్ సెక్షన్ అంటే దాదాపు అదే సరుకు. కాబట్టి మాక్ టెస్ట్ రాసేటప్పుడు చెవిలో ఇది పెట్టుకోవద్దు. పరీక్ష హాల్లో ఎలాగూ పెట్టనివ్వరు.

మరి దేనికీ పనికిరాదా అంటే అలా కొట్టిపారేయను. టెన్షన్ తగ్గించే విషయంలో ఫలితాలు కాస్త మెరుగ్గా ఉన్నాయి. ఆపరేషన్‌కి వెళ్ళబోయే రోగుల మీద చేసిన ఒక పరిశీలన 2005లో అనస్థీషియా పత్రికలో వచ్చింది. బైనారల్ బీట్స్ ఉన్న సంగీతం విన్నవాళ్ళకి ఆందోళన స్కోరు 26.3 శాతం తగ్గింది. అదే సంగీతాన్ని బీట్స్ లేకుండా విన్నవాళ్ళకి 11.1 శాతం తగ్గింది. ఏమీ వినకుండా కూర్చున్నవాళ్ళకి 3.8 శాతం. మధ్య అంకెని వదిలేయకు. కళ్ళు మూసుకుని ఏదో ఒకటి ప్రశాంతంగా వినడంలోనే కొంత ఉంది, బీట్స్ దానికి ఇంకాస్త కలిపింది. అందుకని నా సలహా, చదివేటప్పుడు కాదు, చదువు ఆపిన తర్వాత పదిహేను నిమిషాలు విను. లేదా పరీక్ష ముందురోజు రాత్రి పక్కమీద చేరాక. 10 హెర్ట్జ్ తేడాతో, తక్కువ సౌండ్‌లో. నేను మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒక అరగంట ఇలాగే వింటాను. నిద్ర వస్తే అది బీట్స్ మహిమో, ఆవకాయ అన్నం మహిమో తేల్చుకునే ఓపిక నాకు లేదు.

సౌండ్ తక్కువ అన్నాను కదా, ఎంత అంటే పక్కవాళ్ళు మామూలుగా పిలిస్తే వినపడేంత. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్ళకి 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు హద్దు, సౌండ్ పెరిగేకొద్దీ ఆ గంటలు గబగబా కరిగిపోతాయి. ఊపు బాగా వినపడాలని సౌండ్ పెంచకు. తక్కువ సౌండ్‌లో కూడా అది అంతే ఊగుతుంది. ఇంట్లో ఎవరికైనా మూర్ఛ ఉంటే డాక్టర్‌ని అడగకుండా వినిపించొద్దు. బండి నడుపుతూ అసలే వద్దు. మంగళగిరి మీదుగా విజయవాడ బస్సులో వస్తూ వింటానంటే నీ ఇష్టం, ఆ ఇంజను రొదలో 200 హెర్ట్జ్ ఎక్కడ వినపడుతుందో నాకైతే తెలియదు.

వాన గురించి అడిగావు. గుయ్యిమనే శబ్దం అంటే డాబా మీద పక్కింటి ఏసీ అవుట్‌డోర్ యూనిట్టో, నీళ్ళ మోటారో నడుస్తూ ఉండాలి. మన కరెంటు 50 హెర్ట్జ్. దానితో నడిచే మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు గుయ్యిమనేది దానికి రెట్టింపు, 100 దగ్గర. అక్కడితో ఆగదు, 200 దగ్గర, 300 దగ్గర కూడా దాని పిల్లలుంటాయి. నీ ఎడమ టోన్ సరిగ్గా 200 దగ్గరే ఉంది. కరెంటు 50 దగ్గర గీత గీసినట్టు నిలబడదు, కాస్త పైకీ కిందకీ కదులుతుంటుంది. దాంతో ఆ గుయ్యిమనేదీ నీ టోనూ ఫైల్‌లోనే కలిసి, నువ్వు అడగని ఇంకో ఊపు నెమ్మదిగా వేస్తాయి. మళ్ళీ ఒంటి చెవి పరీక్షలో ఫెయిలవుతావు.

దీన్ని తీయడానికి నాయిజ్ రిడక్షన్ జోలికి వెళ్ళకు. చప్పుడుని గుర్తుపట్టి తీసేసే ఎఫెక్ట్ అది. వానే ఒక చప్పుడు, దేన్ని తీయాలో దానికి తెలియక వానని కూడా చెక్కేసి రేకు డబ్బాలో చినుకులు పడ్డట్టు చేస్తుంది. హై-పాస్ ఫిల్టర్, అంటే ఒక హద్దుకి కింద ఉన్న శబ్దాల్ని తగ్గించేది, అది చాలు. 400 హెర్ట్జ్, రోలాఫ్ 24 పెట్టు. వాన చప్పుడు చాలావరకు దానికి పైనే ఉంటుంది, పోయేది గుయ్యిమనేదే. నీ టోన్లకి మాత్రం ఈ ఫిల్టర్ వేయకు, వాన ట్రాక్ ఒక్కటే సెలెక్ట్ చేసుకుని వెయ్యి. దాని పాన్ మధ్యలోనే ఉంచు, రెండు చెవులకీ ఒకే వాన వెళ్ళినా ఊపుకి అడ్డం రాదు. టోన్ వానలో మునిగీ మునగకుండా ఉండేలా కలుపు. టోన్ పైకి తేలితే మళ్ళీ మీ అమ్మ గారి మిక్సీయే.

రికార్డింగ్ సరిగ్గా రాకపోతే జనరేట్ మెనూలోనే నాయిజ్ ఉంది, అందులో బ్రౌనియన్ ఎంచుకుంటే దూరంగా హోరున కురిసే వానకి దగ్గరగా ఉంటుంది. ప్రకాశం బ్యారేజీకి వరదొచ్చి గేట్లెత్తినప్పుడు వచ్చే హోరు కూడా ఇలాగే ఉంటుంది. దాన్ని పట్టుకుందామని రెండు ఏళ్ళు ప్రయత్నించాను. హోరు వచ్చింది, దానితో పాటు బ్యారేజీ మీద వెళ్ళే ఆటోల హారన్లన్నీ వచ్చాయి.

సొంత వానే కావాలంటే ఈసారి డాబా మీదకెళ్ళకు. ఇంట్లో ఫ్యాన్లు ఆపి, వీధి వైపు కాక పెరటి వైపు కిటికీ తెరిచి, ఫోన్‌ని మడత పెట్టిన తువ్వాలు మీద పెట్టు. బల్ల మీద నేరుగా పెడితే బల్ల అదురు కూడా వస్తుంది. చార్జర్ తీసెయ్. రికార్డు నొక్కే ముందు ఫ్లైట్ మోడ్ వెయ్యి. నా దగ్గర ఉన్న వాటిలో అన్నిటికంటే మంచి వాన, శ్రావణంలో పట్టింది, 25 నిమిషాలు ఆగకుండా కురిసింది. అందులో 12వ నిమిషంలో గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి ఫోన్ చేసి "సార్, ఇంటి ముందే ఉన్నా, తలుపు తీయండి" అంటాడు.